ఊపిరికి కాపలా

అత్త పోయిన సంగతి నాకు కొరాపుట్‌లో, ఆసుపత్రి వరండాలో తెలిసింది. రాయగడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు దిగి, మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన నా ముఖం కేసి రెండుసార్లు చూసి, "మేస్టారి అమ్మాయివి కాదేటి?" అన్నాడు. మా పాత వీధిలో కిరాణా కొట్టు ఆయనది. ఊరి కబుర్లన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. చివర్న, అది కూడా వాటిలో ఒకటన్నట్టు, "పంపుహౌసు అత్త పోనాది, తెలుసా? పది రోజులైనాది. రెండ్రోజులు జరం, అంతే. ఎవుల్నీ ఇబ్బంది పెట్నేదు" అన్నాడు.

ఆవిడకో పేరుంది. రేషను కార్డు మీద చూశాను. కాని ఆ పేరుతో ఆవిడని ఎవరైనా పిలవగా నేనెప్పుడూ వినలేదు కనక ఇక్కడా రాయను. భర్త ఊరికి నీళ్లిచ్చే పంపుహౌసులో మోటారు నడిపేవాడు. అందుకని ఆవిడ మా వీధి మొత్తానికి పంపుహౌసు అత్త. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అత్తా అనే పిలిచేవారు. ఆయన మాకు మావయ్య.

మా నాన్నగారు భీమునిపట్నం వైపు నుంచి రాయగడ వచ్చి బడిలో తెలుగు చెప్పేవారు. మాది చర్చి కుటుంబం, వాళ్లు మజ్జిగౌరమ్మకి కోడిని మొక్కుకునే వాళ్లు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలోంచి మావయ్య గురక వినబడేది. రాత్రి డ్యూటీ కాబట్టి ఆయన మధ్యాహ్నాలు పడుకునేవాడు. నేను ఎక్కాలు అప్పజెప్పుకున్నదీ, కీర్తనలు కంఠస్థం చేసిందీ ఆ చప్పుడు వింటూనే.

అత్త అడ్డాకు విస్తర్లు కుట్టేది. మునిగుడ వైపు నుంచి ప్యాసింజరు బండిలో కోందు గిరిజన ఆడవాళ్లు ఆకు కట్టలు తెచ్చేవారు. వాళ్లతో ఒడియా, దేశియా, తెలుగు మూడూ కలిపి ఆవిడ బేరం ఆడుతుంటే అది నాలుగో భాషలా ఉండేది. వరండాలో, పడకగది కిటికీ కింద, కాళ్లు బారజాపి కూర్చునేది. ఎడమ పక్కన ఆకులు, ఒళ్లో వెదురు పుల్లలు, రెండు పుల్లలు పళ్ల మధ్య. ఆకు మీద ఆకు వేసి, పుల్ల గుచ్చి, మిగిలింది విరిచేసేది. టక్. మళ్లీ టక్. ఆ చేతులు చూసుకుని పనిచేసేవి కావు. కళ్లు వీధి మీద ఉండేవి. చెవులు మాత్రం కిటికీ లోపల ఉండేవి.

ఆవిడతో మాట్లాడడానికి అలవాటు పడాలి. ఏదో చెబుతూ చెబుతూ వాక్యం మధ్యలో ఆగిపోయేది. చూపుడు వేలు కొంచెం పైకి లేచేది. మాటలాగుతాయి గాని చేయి ఆగదు. పుల్ల విరిగిన చప్పుడు ఒకటి, రెండు, మూడు. అప్పుడు లోపల్నుంచి బరువైన బల్లని గచ్చు మీద ఈడ్చినట్టు పెద్ద శబ్దం వచ్చేది. మావయ్యకి ఊపిరి అందిందన్నమాట. అత్త వేలు దించి, వాక్యాన్ని సరిగ్గా వదిలిన చోటే అందుకునేది. "మునిగుడ మనిషి నిన్న సంతలో కనిపించి" అని ఆగిందనుకోండి, మూడు పుల్లల తర్వాత "ఈ ఏడు ఆకు మందంగా ఉంటాదనీసి సెప్పేడు" అని పూర్తయ్యేది. కొత్తవాళ్లు తికమకపడేవారు. మా అమ్మ ఆ విరామాల్లో తన కుట్టుపనిలో నాలుగు కుట్లు వేసుకునేది. నేను బడిలో పిల్లల ముందు ఆవిడని అనుకరించి నవ్వించేదాన్ని. వేలెత్తి, మూతి బిగించి, ఆఖర్న గురక కూడా నేనే పెట్టేదాన్ని.

ఆవిడ ఏం లెక్క పెడుతోందో అడగాలని నాకు తోచలేదు. ఎవరికీ తోచలేదు.

మావయ్య లావుగా, పొట్టి మెడతో, ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండేవాడు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోయేవాడు. మంగలి కుర్చీలో ఒక పక్క గడ్డం అయ్యేసరికి తల వాలిపోయేది. రేషను వరసలో నిలబడే కునికేవాడు. ఒక క్రిస్మసుకి మా ఇంటికి భోజనానికి పిలిస్తే, విస్తట్లో చెయ్యి పెట్టి, ముద్ద ఎత్తకుండానే నిద్రలోకి జారుకున్నాడు. అందరం నవ్వాం. అత్త మాత్రం నవ్వలేదు. భుజం తట్టి లేపి, "తిను, ముందల తిను" అని చిన్నగా అంది. ఆ రోజు చర్చి విందుకి విస్తర్లన్నీ ఆవిడ కుట్టినవే.

ఆయనకి ఇంకో బాధ ఉండేది. తిన్నది గొంతులోకి పుల్లగా వచ్చేది, రొమ్ములో నిప్పు పెట్టినట్టు మండేది. ఆయనకా, చింతపండు పులుసులో ఉడికిన ఎండుచేపంటే ప్రాణం. ఈ విషయంలో ఆ ఇంట్లో రోజూ చిన్న యుద్ధం జరిగేది. అత్త పులుసు వండేది, రెండు ముద్దలకి సరిపడా వేసేది, గిన్నె ఎత్తి అటక మీద పెట్టేసేది. తర్వాత రాగులతో కాచిన చోడంబలి. డ్యూటీలోనూ కునుకుతాడని, వెళ్లేముందు కాదు, పొద్దు ఉండగానే తినిపించేసేది. ఆలస్యంగా తిని పడుకున్న పూట పుల్లలు ఎక్కువ విరిగేవని ఆవిడకి తెలుసు. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి మరీ ఆగుతోందని కనిపెట్టి, బనియను వీపు మీద ఒక జేబు కుట్టి, అందులో నాలుగు ఎండు కరక్కాయలు వేసింది. వెల్లకిలా తిరిగితే అవి గుచ్చుకునేవి, ఆయన నిద్రలోనే మళ్లీ పక్కకి తిరిగేవాడు. ఆ జేబు బనియన్లు మా పెరటి తాడు మీద ఆరుతుంటే చూసి వీధిలో పిల్లలు ఎన్ని కథలు అల్లారో.

ఆవిడ అడ్డపొగ తాగేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, రెండో కొస పెదాల మధ్య ఆడిస్తూ. ఆ పొగ కిటికీలోంచి లోపలికి పోయిన రోజున ఆయన ఊపిరి గరగరమంటోందని, ఆకు పని అయ్యాక వీధి చివరి రాతి మీద కూర్చుని కాల్చుకుని వచ్చేది. ఒక్క చుట్ట కోసం ఆవిడ అంత దూరం నడవడం నాకు గొప్ప విలాసంలా కనిపించేది.

ఒకరోజు తెల్లవారేసరికి కొండ మీద ట్యాంకు పొంగి, దిగువ వీధంతా వాగులా పారింది. మోటారు ఆపాల్సిన వేళకి మావయ్య బల్ల మీద తల పెట్టి నిద్రలో ఉన్నాడు. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దాన్ని చదివి పెట్టమని మా నాన్నగారి దగ్గరికి తెచ్చారు. డ్యూటీలో నిద్రపోయినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఉంది. నాన్న కలం తీసి, ఏమని రాయమంటావని అడిగారు. మావయ్య చాలాసేపు ఆలోచించి, "మేస్టారూ, నాను పడుకోనేదండి. నిద్దరే వొచ్చి నా మీద పడిపోనాది" అన్నాడు. నాన్న దాన్ని ఎలా రాశారో నాకు తెలీదు. ఆ తర్వాత ఇంకో రెండు కాగితాలు వచ్చాయి. ఇంకొకటి వస్తే ఉద్యోగం ఉండదని ఆఫీసు గుమాస్తా నోటిమాటగా చెప్పాడట. పిల్లల్లేని ఇల్లు. మావయ్య పనిదొంగ అన్న మాట కుళాయి దగ్గర వినబడినా అత్త తన వంతు వదులుకునేది కాదు. బిందె నిండాక, ఎత్తుకుని వచ్చేసేది.

నేను నర్సు ట్రైనింగు ముగించి రాయగడలోనే ఒక చిన్న ఆసుపత్రిలో చేరేసరికి డెబ్బైల చివర. తెల్ల బట్టలు, జేబులో వాచీ. నాకు తెలియని జబ్బు లేదనుకునే వయసు. ఆ రోజుల్లోనే మావయ్యకి రొమ్ములో ఇంకేదో మొదలైంది. మంటతో పాటు దడ. మా ఆసుపత్రికి మూడు నాలుగు సార్లు వచ్చాడు. ప్రతిసారీ పొట్టలో పులుపని చెప్పి, తెల్లటి చిక్కటి మందు సీసా ఇచ్చి పంపేవారు. అది తాగితే మంట తగ్గేది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే అత్త నన్ను వరండాలోకి పిలిచింది. చేతిలో ఆకు పక్కన పెట్టేసింది. అదే నేను గమనించాల్సిన విషయం. ఆవిడ పని ఆపి మాట్లాడడం నేను చూడలేదు.

"అమ్మీ, మంట ఏరు, దడ ఏరు" అంది. "మంట తిన్నాక వొస్తాది, లేసి కూసుంటే తగ్గుతాది. దడ అలా కాదు. ఊపిరాగి గబుక్కున లేసినప్పుడొస్తాది. నాను సెయ్యేసి సూసినాను. ఒడ్డున పడ్డ సేప తోక కొట్టుకున్నట్టుగుంటాది. ఒక తీరు నేదు."

నేను ఆవిడకి చదువు చెప్పాను. రెండూ ఒకటే అత్తా, కడుపులో గాలి పైకి తంతే గుండెకి దడగానే ఉంటుంది, సీసా మందు మానకుండా పొయ్యి, పులుపు పూర్తిగా ఆపెయ్యి అన్నాను. ఆవిడ నా ముఖం కేసి కాసేపు చూసింది. "నివ్వు సదువుకున్నావు" అని ఆకు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నెల తిరక్కుండానే మావయ్య పంపుహౌసు గేటు దగ్గర పడిపోయాడు. డ్యూటీ దిగి సైకిలు తీయబోతూ ఒక్కసారిగా కూలాడట. రిక్షాలో వేసుకుని మా ఆసుపత్రికే తెచ్చారు. స్పృహ వచ్చింది గాని ముఖం మట్టిరంగులో ఉంది. నేను మణికట్టు పట్టుకున్నాను. వాచీ చూస్తూ లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలో వదిలేసి, మళ్లీ మొదలెట్టాను. నాడి నా వేళ్ల కింద రెండడుగులు పరుగెత్తింది, ఆగింది, తడబడింది, మళ్లీ పరుగెత్తింది. ఒక తీరు లేదు. తలెత్తితే ఎదురుగా అత్త. నేను చూపు దించుకున్నాను.

అప్పుడు మా దగ్గరికి కొత్తగా ఒక డాక్టరు వచ్చి ఉన్నారు. బరంపురం వైపు ఒడియా ఆయన, తెలుగు నెమ్మదిగా, కూడబలుక్కుని మాట్లాడేవారు. ఈసీజీ కాగితం పొడుగ్గా పరిచి చూసి, గుండె పైగదులు లయ తప్పి కొట్టుకుంటున్నాయని చెప్పారు. మావయ్యని ఏవేవో అడిగారు. ఆయన అన్నిటికీ బాగానే ఉందండి, ఏం లేదండి అంటూ, మూడో ప్రశ్నకి జవాబు చెబుతూనే నిద్రపోయాడు. డాక్టరుగారు నవ్వలేదు. మావయ్య మెడని, బొజ్జని, తెరుచుకున్న నోటిని కొంచెంసేపు చూసి అత్త వైపు తిరిగారు.

"ఈయన ఇంట్లో ఎలా నిద్రపోతారమ్మా?"

అత్త గోడకి చేరబడి నేల మీద కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడకి తెలిసిన సంగతిని ఆవిడని అడిగిన మొదటి మనిషి ఆయన. అరగంట పైన చెప్పింది. వెల్లకిలా పడుకుంటే ఎలా, పక్కకైతే ఎలా, ఎండుచేప తిన్న రోజు ఎలా, చలికాలం ఎలా, జలుబు చేస్తే ఎలా. ఇటుకల సంగతి, కరక్కాయల సంగతి. డాక్టరుగారు తెలుగు అర్థం కాని చోట నా వైపు చూసేవారు, నేను చెప్పేదాన్ని. చివరికి ఊపిరి ఎంతసేపు ఆగుతుందని అడిగారు.

"పక్కకి తిరిగుంటే రెండు మూడు పుల్లలు బాబూ. ఎల్లకిలా పడుకుంటే ఏడు."

ఆయనకి అర్థం కాలేదు. నాకు అప్పుడే అర్థమైంది. ఇన్నేళ్లూ మా గోడ అవతల విరిగిన ఆ పుల్లలు ఆవిడ గడియారం. పుల్లంటే ఏమిటో, ఆవిడ వాటితో ఏం చేస్తుందో చెప్పాను. డాక్టరుగారు తన వాచీ కేసి ఒకసారి చూసుకుని, రేపు మధ్యాహ్నం ఆకులూ పుల్లలూ తెమ్మన్నారు.

మర్నాడు వార్డు కిటికీ కింద, ఎండ పడే చోట, అత్త కాళ్లు బారజాపి కూర్చుంది. మావయ్య వెల్లకిలా పడుకున్నాడు. ఆ రోజుకి కరక్కాయల బనియను తీయించారు. డాక్టరుగారు చేతిలో వాచీతో స్టూలు మీద. నేను మావయ్య మణికట్టు పట్టుకుని మంచం పక్కన. గురక మొదలైంది, పెరిగింది, ఠక్కున ఆగింది. రొమ్ము మాత్రం పైకీ కిందకీ తన్నుకుంటూనే ఉంది, లోపలికి గాలి పోవడం లేదు. అత్త తల ఎత్తలేదు. పుల్ల విరిగింది. ఇంకోటి. మావయ్య పెదాలు నల్లబడుతున్నాయి. నా వేళ్ల కింద నాడి నెమ్మదించి, ఇక కొట్టదేమో అన్నంత దూరం వెళ్లిపోయింది. లేపేద్దామని నా చెయ్యి ముందుకి వెళ్లింది. డాక్టరుగారు వద్దని తల ఊపారు. అయిదు. ఆరు. ఏడో పుల్ల విరిగాక ఆ పాత బల్ల ఈడ్చిన శబ్దం వచ్చింది. నాడి ఒక్కసారిగా గుర్రంలా పరుగెత్తింది.

డాక్టరుగారు వాచీ చూసి, నలభై సెకండ్లు దాటిందన్నారు. ఇంకో రెండుసార్లు చూశారు. రెండుసార్లూ ఏడే. ఆయన కేసు కాగితం మీద సెకండ్లు రాసి, పక్కనే తెలుగులో కొంచెం వంకరగా 'ఏడు పుల్లలు' అని కూడా రాశారు. ఆ కాగితం నేను చాలాకాలం దాచుకున్నాను. ఇళ్లు మారడంలో పోయింది.

ఈ జబ్బుకి పుస్తకాల్లో పేరు పెట్టి ఎన్నో ఏళ్లు కాలేదని ఆయన మాకు వివరంగా చెప్పారు. నిద్రలో గొంతు మూసుకుపోతుంది. రొమ్ము లోపల్నుంచి గట్టిగా లాగుతుంది. ఆ లాగుడుకి పొట్టలో పులుపు పైకొచ్చి గొంతూ రొమ్మూ మండుతాయి. గాలి అందక గుండె కష్టపడుతుంది, ఏళ్ల తరబడి అలా కష్టపడి లయ తప్పుతుంది. మంట నిజమే, దడా నిజమే. మంట తగ్గితే అన్నీ తగ్గినట్టేనని అందరూ పొరబడతారు. అందరూ అన్నప్పుడు ఆయన నన్ను చూడలేదు గాని నా చెవులు వేడెక్కాయి.

మావయ్య ఇదంతా లేచి కూర్చుని, మొదటిసారి నిద్రపోకుండా విన్నాడు. తర్వాత, "నూతి అడుగున ఫుట్‌వాల్వు పట్టీసిన మోటారన్నమాట. నీళ్లందవు, అది మాత్రం లాగుతానే ఉంటాది. అలాగ ఒగ్గీసి ఊరుకుంటే కాలిపోతాది బాబూ" అన్నాడు. డాక్టరుగారు అంతకన్నా బాగా తనూ చెప్పలేనన్నారు. అప్పుడు అత్త నవ్వింది. చాలా రోజులకి.

విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపారు. అక్కడా గుండె సంగతి అదేనన్నారు, లయని అదుపులో పెట్టే మాత్రలిచ్చారు. నిద్ర జబ్బుకి అప్పటికి మా ప్రాంతంలో యంత్రాలూ లేవు, మందూ లేదు. పక్కకి తిరిగి పడుకోవడం, తల ఎత్తుగా పెట్టడం, పొద్దుండగా తినడం, ఒళ్లు తగ్గించడం. తిరిగొచ్చాక మా డాక్టరుగారు ఇవన్నీ వేళ్ల మీద చెప్పుకుంటూ పోయి, "వీటిలో మూడు మీరు ముందే చేసేశారమ్మా" అన్నారు. మిగిలినవి ఒళ్లు తగ్గడం, రాత్రి డ్యూటీ మానడం. డ్యూటీ మార్చమని ఉత్తరం రాసిచ్చారు.

ఆ ఉత్తరం పట్టుకుని అత్త ఆఫీసుకి వెళ్లింది. తోడు నేను. పెద్ద ఆఫీసరు మర్యాదస్తుడే గాని, మావయ్య మీద వచ్చిన ఫిర్యాదుల ఫైలు మందంగా ఉంది. ఆయన దాన్ని విప్పబోతుంటే అత్త తన సంత ఒడియాలో మొదలెట్టి, నాలుగు మాటల తర్వాత తెలుగులోకి వచ్చేసింది.

"బాబూ, నా పెనిమిటి పనిదొంగ కాదు. ఆయన మంచం మీద ఉంటాడు గాని ఆయనకి నిద్దర నేదు. సూసినోల్లెవులూ నేరు, నానొక్కదాన్నే సూసినాను. పగటేల నడిసే పని ఏదైనా ఇప్పించండి. అప్పుడు కూడా పడుకుంటే, నానే వొచ్చి తీసుకెల్లిపోతాను."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆఫీసరు ఉత్తరం ఇంకోసారి చదివి, ఫైలు కట్ట మళ్లీ కట్టేశాడు. పై నెల నుంచి మావయ్యని వీధుల్లో నీళ్ల వాల్వులు తిప్పే పనిలోకి మార్చారు. పొడవాటి ఇనప కడ్డీ భుజాన వేసుకుని కొండ ట్యాంకు దగ్గర బయల్దేరి, స్టేషను వైపు, అక్కణ్ణించి నాగావళి వైపు, మళ్లీ పైకి. మొదట్లో ప్రతి మలుపులో కూర్చునేవాడు. వానాకాలం దాటేసరికి పంట్లాం జారుతోందని నడుముకి తాడు కట్టుకున్నాడు. మంగలి కుర్చీలో రెండు పక్కలా గడ్డం పూర్తయ్యేదాకా మెలకువగా ఉన్నాడని ఆ మంగలే వచ్చి అత్తకి చెప్పాడు. గుండె దడ మళ్లీ అప్పుడప్పుడు వచ్చేది, మాత్రలు ఎప్పుడూ మానలేదు. జబ్బు పోలేదు. ఇంట్లో దానికో మూల ఇచ్చి, మిగతా ఇల్లు తాము వాడుకున్నారు.

ఒక సాయంత్రం, ఎవరూ లేనప్పుడు, ఆ ఆదివారం నీ మాట నేను విన్లేదత్తా అన్నాను. చాలా రోజులుగా కూడగట్టుకున్న మాట అది.

"ఇప్పుడింటన్నావు గదా" అంది. "ఆ కట్ట ఇలా తియ్యి. తడి ఆరిపోతంది." నేను ఆకు కట్ట అందించాను. అంతే. ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన రాలేదు. కాని అప్పటి నుంచీ, రోగి పక్కన నిలబడ్డ మనిషిని నేను పేరు అడక్కుండా, రాత్రి ఎలా గడిచిందని అడక్కుండా పంపలేదు.

పెళ్లయి నేను కొరాపుట్ ఆసుపత్రికి మారాక, ఒక చలికాలం వాళ్లిద్దరూ నన్ను చూడ్డానికి వచ్చారు. బస్సులో లక్ష్మీపురం ఘాటీ ఎక్కుతున్నంతసేపూ మావయ్య నిద్రపోకుండా దారి చూస్తూనే ఉన్నాడట. ఆ మాట అత్త రెండుసార్లు చెప్పింది. మర్నాడు నాకు సెలవు. పదకొండు గంటలప్పుడు అత్త, కూర తరిగిపెట్టి, ఎండ బాగుందమ్మీ, ఒక్క రవ్వ నడుం వాలుస్తానని లోపల గదిలో నా మంచం మీద పడుకుంది.

పన్నెండయింది. ఒంటిగంటయింది. అన్నం వార్చాను. పిలుద్దామని వెళ్తే గుమ్మం మెట్టు మీద మావయ్య కూర్చుని ఉన్నాడు. గాజులమ్మే మనిషి కేక వేయబోతే చెయ్యి ఊపి పంపించేశాడు. నా పిల్లలిద్దరికీ జేబులోంచి వేరుశనక్కాయలు పంచి, చప్పుడు చెయ్యకుండా తింటే ఇంకా ఇస్తానని బేరం పెట్టుకున్నాడు. భోజనానికి లేపుతానంటే వద్దన్నాడు.

"ఉండనీ అమ్మీ. ఇది పడుకోగా సూడ్డం నాకిదే మొదలు."

నేను నమ్మలేదు. పాతికేళ్ల కాపురం. ఆయన ఒట్టు పెట్టుకున్నట్టు రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు. ఆయన పడుకునేదాకా ఆవిడ పడుకోదు, ఆయన లేచేసరికి ఆవిడ లేచి ఉంటుంది. మధ్యలో ఆవిడ కళ్లు మూసిందో లేదో ఆయనకి తెలిసే దారి లేదు. ఆ మాటే చెప్పి, తలుపు ఇంకొంచెం దగ్గరగా వేశాడు. మేమూ తినకుండా కూర్చున్నాం. పిల్లలు మాత్రం తిని ఎండలోకి వెళ్లారు.

నాలుగు దాటాక తలుపు కిర్రుమంది. అత్త జుట్టు ముడి ఊడిపోయి, చెంప మీద దుప్పటి చారలతో గుమ్మంలో నిలబడింది. ఎండ కొండ మీదకి వెళ్లిపోవడం చూసి కంగారుపడింది. ఎవులూ లేపనేదేటి, కూరేటైనాది, పిల్లలు తిన్నారా అని వరసపెట్టి అడిగింది. అన్నిటికీ మావయ్యే జవాబు చెప్పి, తన పక్కన మెట్టు మీద చోటు చేశాడు. ఆవిడ కూర్చుంది. నేను టీ తెచ్చిచ్చాను. గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకుని, తాగకుండా, కాసేపు ఊరికే అలా వీధి కేసి చూసింది.

"నిద్దర ఇంత బాగుంటాదేటమ్మీ?" అంది.